ఒకే క్వార్టర్‌లో పాత జీఎస్టీ రేట్లు, కొత్త రేట్లు రెండూ.. కిరాణా అమ్మకాలు ఎలా విడగొట్టాలి?

కొట్టు_ఇల్లాలు
5 అక్టోబర్ 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం అండి. మాది తణుకు దగ్గర ఒక ఊరు, కిరాణా అండ్ జనరల్ స్టోర్. కొట్లో మా ఆయన, మావయ్యగారు కూర్చుంటారు, లెక్కలు నేను రాస్తాను. బీకాం చదివాను గానీ అది జీఎస్టీ రాకముందు సంగతి, ఇప్పుడు దేనికీ పనికిరావట్లేదు. నెలకు ఆరు లక్షల దాకా అమ్మకం ఉంటుంది, రెగ్యులర్ స్కీమే, మూడు నెలలకోసారి రిటర్న్ వేసే క్యూఆర్ఎంపీలో ఉన్నాం.

ఇన్నాళ్లూ నేను చేస్తున్నది చెప్తాను, నవ్వకండి. రాత్రి గల్లా లెక్కపెట్టి ఆ రోజు టోటల్ పుస్తకంలో రాస్తాను, ఫోన్‌పే డబ్బులు పక్కన రాస్తాను. నెలాఖరున కొనుగోలు బిల్లులన్నీ ముందేసుకుని 5 శాతం సరుకు ఎంత కొన్నాం, 12 ఎంత, 18 ఎంత అని కూడి, అదే లెక్కన అమ్మకాన్ని కూడా ముక్కలు చేస్తాను. తర్వాత ఒక్కో ముక్క మీద దాని శాతం వేసి టాక్సు కడతాం. ఆడిటర్ గారి ఆఫీసులో అబ్బాయికి వాట్సాప్‌లో అంకెలు పంపిస్తే ఆయన అప్‌లోడ్ చేసేస్తాడు, ఎప్పుడూ ఏమీ అడగలేదు.

సెప్టెంబర్ 22 నుంచి రేట్లు మారాయి కదా. సబ్బులు, పేస్టు, షాంపూ, బిస్కెట్లు 18 నుంచి 5కి వచ్చాయి, నెయ్యి 12 నుంచి 5, స్కూలు నోటుబుక్కులు, పెన్సిళ్లు 12 నుంచి సున్నా, కూల్ డ్రింకులు 40 అయ్యాయి, బట్టల సబ్బు పొడి మాత్రం 18లోనే ఉండిపోయింది. అంటే ఈ క్వార్టర్లో 83 రోజులు పాత రేటు, చివరి 9 రోజులు కొత్త రేటు. 21 రాత్రి స్టాకు లెక్కపెట్టుకోవాలని అందరూ అన్నారు గానీ ఆ రోజు మహాలయ అమావాస్య, పైగా ఆదివారం, ఇంట్లో పెద్దలకి పెట్టుకునే పనిలో పడి కొట్టు సంగతే పట్టలేదు.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. ఎక్సెల్‌లో 12 ఉన్నచోటల్లా 5 పెట్టెయ్యమని ఫైండ్ రీప్లేస్ కొట్టాను, జులై ఆగస్టు నెలలవి కూడా మారిపోయాయి, సేవ్ కూడా అయిపోయింది.

13కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్), 22కి 3బీ (టాక్సు కట్టే రిటర్న్) వెయ్యాలి. అమ్మకం విడగొట్టేదెలా? సెప్టెంబర్ 19, 20 తారీకుల్లో 18 శాతం బిల్లుతో వచ్చిన సబ్బుల్ని ఇప్పుడు 5 శాతానికి అమ్ముతున్నాం, మిగతా 13 మేం నష్టపోయినట్టేనా? దయచేసి తెలుగులో చెప్పండి, సెక్షన్ల నంబర్లు వద్దు.

రాజమండ్రి_కుర్రోడు
5 అక్టోబర్, రాత్రి 11:05

అక్కా ఇంత తలనొప్పి ఎందుకు, కాంపోజిషన్ స్కీములోకి మారిపోండి. కోటిన్నర దాకా టర్నోవర్ ఉన్నవాళ్లు వెళ్లొచ్చు, వ్యాపారులకి 1 శాతం, అంతే. రేట్లూ గీట్లూ ఏం ఉండవు. మా బాబాయి కొట్టు అలాగే నడుస్తోంది, హాయిగా ఉన్నాడు.

బెజవాడ_లెక్కలు
6 అక్టోబర్, ఉదయం 6:20

తమ్ముడు చెప్పింది తప్పు కాదు కానీ ఈ క్వార్టర్ లెక్కకి అది మందు కాదు. కాంపోజిషన్‌కి ఏడాది మధ్యలో మారడం కుదరదు, మార్చి నెలాఖరు లోపు ఆప్షన్ ఇస్తే ఏప్రిల్ నుంచి అమలవుతుంది. మారేటప్పుడు స్టాకు మీద తీసుకున్న క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన టాక్సుని మనం కట్టేదాంట్లో తగ్గించుకోవడం, దాన్నే ఐటీసీ అంటారు) వెనక్కి కట్టాలి, ఆ తర్వాత కొన్న సరుకు మీద ఐటీసీ రాదు, మీ బిల్లుతో కొనేవాళ్లకీ రాదు, కస్టమర్ దగ్గర టాక్సు విడిగా వసూలు చెయ్యకూడదు. మేడమ్ మీ దగ్గర బిల్లు అడిగి కొనేవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నది ముందు చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. నేను ఒక సీఏ గారి ఆఫీసులో పదకొండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను, మీలాంటి కిరాణా కొట్లు మా దగ్గర ముప్పై దాకా ఉన్నాయి, వాళ్లలో సగం మంది మీరు చేసినట్టే చేస్తారు, కాబట్టి నవ్వేదేం లేదు. కాకపోతే కొన్న నిష్పత్తిలో అమ్మకాన్ని ముక్కలు చెయ్యడంలో ఒక పెద్ద చిల్లు ఉంది, రేట్లు మారకపోయినా ఉంది. బియ్యం సంగతే చూడండి. 25 కిలోల దాకా ప్యాకింగు, లేబులు ఉన్న బస్తా అయితే 5 శాతం, ఇది 2022 జులై 18 నుంచి ఉంది, అందుకే మిల్లుల వాళ్లు 26 కిలోల బస్తాలు తెచ్చారు, దానికి సున్నా. ఇప్పుడు మీరు 25 కిలోల బస్తా 5 శాతం బిల్లుతో కొని, కొట్లో విప్పి కిలో రెండు కిలోలు లూజుగా తూచి అమ్మారనుకోండి, కొన్నది 5 శాతం, అమ్మింది నిల్. మీ పద్ధతిలో అది 5 శాతం అమ్మకంలో పడిపోతుంది, టాక్సు అనవసరంగా కడతారు. పైగా లూజుగా అమ్మిన ఆ బస్తా మీద ఐటీసీ తీసుకోకూడదు, అదీ తీసేసుకుని ఉంటారు. కందిపప్పు, మినప్పప్పు, బెల్లం అన్నీ ఇదే కథ. పంచదారకి మాత్రం లూజైనా ప్యాకెట్టైనా 5 శాతమే.

కాబట్టి రేటు అనేది సరుకు పేరుకి కాదు, కౌంటర్ మీద నుంచి ఏ రూపంలో వెళ్లిందో దానికి తగిలించాలి. ఇది ఒంటబడితే మిగతాదంతా కూడికలు తీసివేతలే.

19, 20 తారీకు బిల్లుల గురించి భయపడకండి. వాళ్లు 22కి ముందు బిల్లు కొట్టి సరుకు పంపేశారు, కాబట్టి 18 వెయ్యడం కరెక్టే, ఆ 18 మొత్తం మీకు క్రెడిట్ వస్తుంది. మీరు 5 శాతానికి అమ్మితే మిగిలిన క్రెడిట్ పోర్టల్‌లో అలాగే ఉంటుంది, బట్టల సబ్బు పొడి అమ్మకం మీదో ఇంకోదాని మీదో వాడుకోవచ్చు. పోర్టల్‌లో క్రెడిట్‌కి రేటుకో గది ఉండదు, అంతా ఒకే కుండ. సీజీఎస్టీ (కేంద్రం వాటా) కుండలోది ఎస్జీఎస్టీకి (రాష్ట్రం వాటాకి) ముంచకూడదు, అంతవరకే. రేటు తగ్గడం వల్ల మిగిలిపోయిన క్రెడిట్‌ని క్యాష్‌గా రిఫండ్ అడిగితే మాత్రం ఇవ్వరు.

నోటుబుక్కుల విషయంలో ఉల్టా. అవి 22 నుంచి నిల్ అయిపోయాయి కాబట్టి 21 రాత్రి మీ దగ్గర మిగిలిన స్టాకు మీద తీసుకున్న 12 శాతం క్రెడిట్ వెనక్కి ఇచ్చెయ్యాలి. స్కూలు సీజను అయిపోయింది కదా, ఎక్కువ ఉండకపోవచ్చు. పద్దెనిమిది వేల సరుకు మిగిలిందనుకుంటే 2,160.

ఒక్కటి చెప్పండి. 18 శాతం గుంపు టోటల్ తీశాక దాని మీద టాక్సు ఎలా లెక్క వేస్తున్నారు? గల్లాలో వచ్చిన డబ్బు మీద నేరుగా 18 వేస్తున్నారా?

కొట్టు_ఇల్లాలు
6 అక్టోబర్, ఉదయం 9:15

చాలా థాంక్స్ అండి. పొద్దున్నే మా ఆయనకి చదివి వినిపించాను. బిల్లు అడిగేవాళ్లు ఉన్నారు, ఒక హోటల్ ఆయన, ఒక స్వీట్ షాపు వాళ్లు, నెలకి యాభై అరవై వేల సరుకు తీసుకుంటారు, అందుకే కాంపోజిషన్ వద్దన్నారు అప్పట్లో.

బియ్యం మేం విప్పి అమ్మేదే ఎక్కువ. ఆ బస్తాలన్నీ 5లోనే వేస్తున్నాను ఇన్నాళ్లూ.

18 టోటల్ మీద నేరుగా 18 శాతమే వేస్తున్నాను. తప్పా?

బెజవాడ_లెక్కలు
6 అక్టోబర్, ఉదయం 9:40

తప్పేనమ్మా, అదీ మీ జేబుకే చిల్లు. ఎమ్మార్పీలో టాక్సు కలిసే ఉంటుంది. గల్లాలోకి వచ్చిన 118 రూపాయల్లో సరుకు 100, టాక్సు 18. మీరు 118 మీద 18 శాతం వేస్తే 21 రూపాయల 24 పైసలు కడుతున్నారు. 59,000 గల్లా డబ్బు అనుకోండి, దాన్ని 118తో భాగించి 18తో హెచ్చిస్తే 9,000. మీ లెక్కలో 10,620. నెలనెలా 1,620 గవర్నమెంటుకి చదివింపులు. 5 శాతానికైతే 105తో భాగించి 5తో హెచ్చించాలి, 40కైతే 140తో భాగించి 40తో. ఎక్కువ కట్టినదాన్ని రిఫండ్ అడగడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, మీ కేసులో వస్తుందో రాదో ఆడిటర్ గారినే అడగండి, వాట్సాప్‌లో కాదు, వెళ్లి కూర్చుని.

కరీంనగర్_జనరల్
6 అక్టోబర్, మధ్యాహ్నం 1:30

అక్కా, మాది కరీంనగర్ సైడు, నాది కూడా ఇసొంటి దుకాణమే. మాకు ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ, మా ఇంట్ల అందరు పూల పనిల ఉంటే నేను, మా పిలగాడు ఇద్దరం షట్టరు దించుకొని రాత్రి రెండింటి దాకా స్టాకు లెక్కపెట్టినం. లెక్క మంచిగనే వచ్చింది. తెల్లారి కంప్యూటర్ల చేసిన చూడు అసలు ఆగం.

నాకు సేల్స్ 12 పర్సెంట్ అని ఒక లెడ్జర్ (ఖాతా) ఉండె. 12 లేదు కదా ఇగ అని దాని పేరు మార్చి సేల్స్ 5 పర్సెంట్ కొత్త అని పెట్టిన. కొత్తది తెరిచే పని తప్పిందని ఖుషీ అయిన. రాత్రికి రిపోర్టు తీస్తే ఏప్రిల్ నుంచి అమ్మిన నెయ్యి, జామెట్రీ బాక్సులు అన్ని 5 పర్సెంట్ లెడ్జర్ కింద కనపడుతున్నయ్, టాక్సు మాత్రం 12 లెక్కన ఉన్నది. ఏది ఎక్కడిదో మూడు రోజులు పట్టింది ఇడదీసుడు. నీ ఫైండ్ రీప్లేస్ కూడా గదే జబ్బు.

అందుకే చెప్తున్న, పాత లెడ్జర్ పేరు ముట్టుకోవద్దు. 12ది, 28ది అట్లనే పండుకోబెట్టు, 22 తర్వాత దాంట్ల ఎంట్రీ పడకుంటే సరిపాయె. ఐటమ్ల రేటు మార్చేటప్పుడు ఎప్పటి నుంచి అని తారీకు అడుగుతది, ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లనైనా ఇంకోదాంట్లనైనా, అక్కడ 22-09-2025 అని కొట్టాలె. తారీకు చూడకుండ ఎంటర్ కొట్టుకుంట పోతే ఏప్రిల్ 1 నుంచి కొత్త రేటు పట్టుకుంటది, ఆగస్టు బిల్లు ఒకటి తెరిచి మళ్ల సేవ్ చేస్తే అది కూడా మారిపోయి కూసుంటది. ఇది నా సొంత తప్పు, ఎవ్వలనీ అనేది లేదు.

ఇంకో ముచ్చట, మీ ఆంధ్రల సరుకు అమ్మేటోళ్లకు రిజిస్ట్రేషన్ 40 లక్షల దాకా అక్కర లేదు, మా తెలంగాణల 20 లక్షలకే తీసుకోవాలె. మా తాన చిన్న చిన్న దుకాణాలోళ్లు కూడా ఈ తిప్పలన్ని పడుతున్నరు.

సీఏ_కాదు_కానీ
6 అక్టోబర్, సాయంత్రం 5:10

రెండు విషయాలు, కాస్త కటువుగా ఉంటాయి, ఏమీ అనుకోవద్దు.

హోటల్ ఆయన కోసం రెగ్యులర్‌లో ఉంటున్నామన్నారు. మామూలు హోటళ్లు 5 శాతం కట్టేది ఐటీసీ లేకుండా, ఆయనకి మీ బిల్లు మీద క్రెడిట్ రాదు, ఖర్చు కింద చూపించుకోవడానికి అడుగుతూ ఉంటాడు. కాంపోజిషన్ వాళ్లిచ్చే బిల్ ఆఫ్ సప్లై (టాక్సు చూపించని బిల్లు) ఇచ్చినా ఆయనకి తేడా పడదు. స్వీట్ షాపు ఆయన క్రెడిట్ తీసుకుంటున్నాడేమో, ఆయన్ని అడగండి. ఒక్కడి కోసం ఇంత పుస్తకం మోస్తున్నారేమో లెక్క వేసుకోండి. కాంపోజిషన్‌లో వ్యాపారికి ఆ 1 శాతం టాక్సు పడే సరుకు అమ్మకం మీదే, లూజు బియ్యం పప్పుల అమ్మకం మీద కాదు, ఇది చాలామందికి తెలీదు. అయితే పక్క రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు.

రెండోది, గల్లా లెక్కపెట్టి వెనక్కి ముక్కలు చేసే పద్ధతికి చట్టంలో చోటు లేదు. 200 రూపాయల లోపు అమ్మకానికి, కస్టమర్ అడక్కపోతే, విడి బిల్లు అక్కర్లేదు. కానీ అలాంటివన్నీ కలిపి రోజు చివర ఒక బిల్లు రాయాలి, అందులో రేటు వారీగా ఉండాలి. 200, ఆపైన అయితే బిల్లు ఇవ్వాల్సిందే. నిల్ సరుకూ, టాక్సు సరుకూ ఒకే బిల్లులో రాసుకోవచ్చు, మామూలు కస్టమర్‌కైతే. ఇప్పుడు జీఎస్టీఆర్-1లో హెచ్ఎస్ఎన్ (సరుకు కోడ్) టేబుల్ కూడా బీటుబీ (జీఎస్టీ నంబరున్న వ్యాపారులకి అమ్మింది) వేరే, బీటుసీ (మామూలు కస్టమర్లకి అమ్మింది) వేరే అడుగుతోంది, మీ ఆడిటర్ ఆఫీసు కుర్రాడు అందులో ఏం నింపుతున్నాడో ఒకసారి చూడండి.

బెజవాడ_లెక్కలు
6 అక్టోబర్, రాత్రి 8:50

పైన ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ అయిపోయిన క్వార్టర్‌కి బిల్లింగ్ మిషన్ కొని వెనక్కి వెళ్లలేరు కదా, కాబట్టి ఉన్నదాంట్లో నిలబడే లెక్క చేద్దాం. ప్రతి అడుగూ కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకోండి, రేపు ఎవరైనా అడిగితే ఇదిగో ఇలా వేశాం అని చూపించేందుకు. అంకెలు నేను ఊహించి వేస్తున్నాను, మీవి మీరు పెట్టుకోండి.

ముందు ఎక్సెల్‌ని వదిలెయ్యండి, కొనుగోలు బిల్లులు మళ్లీ బయటికి తియ్యండి. ఏ రేటు నుంచి ఏ రేటుకి వెళ్లిందో ఆ జంట ప్రకారం కుప్పలు పెట్టండి. 18 నుంచి 5కి వెళ్లినవి ఒక కుప్ప, 12 నుంచి 5 ఒకటి, 12 నుంచి నిల్ ఒకటి, కూల్ డ్రింకులు ఒకటి, మారనివి వాటి రేటు ప్రకారం. ఒకే డిస్ట్రిబ్యూటర్ బిల్లులో రెండు కుప్పల సరుకు ఉంటుంది జాగ్రత్త. ఒంటి సబ్బు బిళ్ల 5కి వచ్చింది, అదే కంపెనీ లిక్విడ్ హ్యాండ్‌వాష్ 18లోనే ఉంది. పేస్టు 5, మౌత్‌వాష్ 18.

ఇప్పుడు 18 నుంచి 5 కుప్ప తీసుకుందాం. ఈ రాత్రి కొట్లో ఉన్న సబ్బులు, బిస్కెట్లు, షాంపూలు లెక్కపెట్టండి, కొన్న ధరకి, టాక్సు లేకుండా. 52,000 వచ్చింది అనుకుందాం. 22 నుంచి ఈ రోజు దాకా ఆ కుప్పలో కొన్నది 40,000. ఈ పదిహేను రోజుల గల్లా మొత్తం 2,80,000, మీ అలవాటు ప్రకారం అందులో పావు వంతు ఈ సరుకు అనుకుంటే 70,000. అందులోంచి 5 శాతం టాక్సు తీస్తే 66,667, మీ లాభం పది శాతం తీస్తే కొన్న ధరకి 60,600 దాకా వస్తుంది. అంటే 21 రాత్రి స్టాకు ఎంత ఉండి ఉండాలి? 52,000లోంచి తర్వాత కొన్న 40,000 తీసెయ్యాలి, తర్వాత అమ్ముడైన 60,600 కలపాలి. 72,600.

అది దొరికాక పాత రేటు అమ్మకం వెనక నుంచి వచ్చేస్తుంది. జూన్ నెలాఖరు స్టాకు 60,000, జులై 1 నుంచి సెప్టెంబర్ 21 దాకా కొన్నది 3,12,600, రెండూ కలిపి 3,72,600, అందులో 72,600 మిగిలింది, అంటే మూడు లక్షల సరుకు వెళ్లింది. మీ లాభం పది శాతం కలిపితే 3,30,000, దాని మీద 18 శాతం 59,400. ఇక్కడ సరుకు ధర మీద వేస్తున్నాం కాబట్టి నేరుగా 18, గల్లా డబ్బు కాదు, కలగలపకండి. 22 నుంచి 30 దాకా తొమ్మిది రోజుల గల్లాలో ఈ కుప్ప వాటా 45,000 అయితే 105తో భాగించి 5తో హెచ్చిస్తే 2,143.

ఆ పావు వంతు అన్నది మాత్రం గాల్లోంచి తియ్యొద్దు, రేపు ఎల్లుండి రెండు రోజులు కౌంటర్ దగ్గర కాగితం పెట్టి నిజంగా రాసి చూడండి.

లెడ్జర్ల సంగతి అడగలేదు గానీ చెప్తాను. సేల్స్ లెడ్జర్ రేటుకొకటి పెట్టండి, నిల్, 5, 18, 40. కొనుగోలుకి కూడా అలాగే. టాక్సు లెడ్జర్లు మాత్రం రేటుకొకటి అక్కర్లేదు, అమ్మకం వైపు సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ, కొనుగోలు వైపు మళ్లీ అవే రెండు, చాలు.

సీఏ_కాదు_కానీ
6 అక్టోబర్, రాత్రి 9:30

ఈ చివరి ముక్కతో నేను ఒప్పుకోను. టాక్సు లెడ్జర్ కూడా రేటుకొకటి ఉంటే తప్పు ఇట్టే దొరుకుతుంది. సేల్స్ 5 లెడ్జర్ టోటల్‌ని రెండున్నర శాతం చేస్తే సీజీఎస్టీ 2.5 లెడ్జర్ టోటల్ రావాలి, రాకపోతే ఆ ఒక్క లెడ్జర్లో వెతికితే చాలు. ఒకే లెడ్జర్‌లో అన్ని రేట్లూ పోస్తే ముప్పై రూపాయల తేడా కోసం నెల మొత్తం తవ్వాలి. జులై నుంచి 3బీలో ఆటోమేటిగ్గా వచ్చే టాక్సు అంకె మార్చనివ్వట్లేదు, జీఎస్టీఆర్-1లో తప్పు వేస్తే జీఎస్టీఆర్-1ఏ అనే ఫారంలో దిద్దుకోవాలి, కాబట్టి తేడా ముందే దొరకాలి.

ఇంకోటి, మీకు నిల్ అమ్మకం ఎక్కువ కదా, ఆడిటర్ ఫీజు, షాపు ఫోన్ బిల్లు లాంటి ఉమ్మడి ఖర్చుల మీద వచ్చిన ఐటీసీలో నిల్ అమ్మకం వాటా వెనక్కి ఇవ్వాలి. చిన్న మొత్తమే గానీ ఎవరూ చెయ్యరు.

బెజవాడ_లెక్కలు
6 అక్టోబర్, రాత్రి 9:42

మీ ఆఫీసులో రెండు స్టాఫ్ ఎక్కువ ఉన్నట్టున్నారు :) నిల్ పోగా మూడు రేట్లకి పన్నెండు టాక్సు లెడ్జర్లు మా కిరాణా వాళ్లు మొయ్యలేరు సార్. రేటు వారీ రిపోర్టు సాఫ్ట్‌వేరే ఇస్తుంది. మాన్యువల్‌గా రాసేవాళ్లకి మాత్రం మీ మాట ఒప్పుకుంటాను.

డల్లాస్_బాబాయ్
7 అక్టోబర్, ఉదయం 7:05

ఇక్కడ టెక్సాస్‌లో నాకో చిన్న కన్వీనియన్స్ స్టోర్ ఉంది. మాదీ ఇలాగే ఉంటుంది, బ్రెడ్డు, పాలు లాంటి సరుక్కి టాక్సు లేదు, చాక్లెట్లకీ సోడాలకీ ఉంది, స్టేట్‌ది 6.25, లోకల్‌ది కలిపితే 8.25 దాటదు. కానీ మాకు షెల్ఫ్ మీద రేటులో టాక్సు కలపరు, కౌంటర్ దగ్గర పైన వేస్తారు, కాబట్టి మీ 118 భాగింపు గొడవ ఉండదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు రిజిస్టర్‌లో తప్పు బటన్ నొక్కి చాక్లెట్‌ని గ్రోసరీ కింద కొట్టేస్తారు, ఆ టాక్సు నా జేబులోంచే పోతుంది. చివరికి టాక్సు పడే వస్తువులున్న అరలకి పసుపు చుక్క అంటించాను, అప్పటి నుంచి కొంచెం నయం. మీరూ రంగు చుక్కలు పెట్టి చూడండమ్మా.

తెనాలి_ఫ్యాన్సీ
7 అక్టోబర్, ఉదయం 11:20

మధ్యలో దూరుతున్నందుకు సారీ. దీపావళికి మేం గిఫ్టు బుట్టలు కడతాం, జీడిపప్పు, బాదం, చాక్లెట్లు, ఒక కూల్ డ్రింకు సీసా, అన్నీ కలిపి 999. దీనికి ఏ రేటు?

బెజవాడ_లెక్కలు
7 అక్టోబర్, ఉదయం 11:45

ఒకే ధరకి కలిపి అమ్మితే బుట్టలో ఏది ఎక్కువ రేటో మొత్తానికి అదే. జీడిపప్పు, బాదం, చాక్లెట్లు అన్నీ ఇప్పుడు 5లోనే ఉన్నాయి, ఆ ఒక్క సీసా వల్ల 999 మొత్తానికి 40 అంటుకుంటుంది. సీసా తీసెయ్యండి, లేకపోతే విడి ధరతో విడిగా అమ్మండి.

తెనాలి_ఫ్యాన్సీ
7 అక్టోబర్, ఉదయం 11:47

అమ్మో. ఇరవై బుట్టలు కట్టేశాను. సీసాలు పీకేస్తున్నా.

కొట్టు_ఇల్లాలు
20 అక్టోబర్, మధ్యాహ్నం 3:00

అందరికీ దీపావళి శుభాకాంక్షలు. ఏమైందో చెప్తానని వచ్చాను. స్టాకు లెక్కపెట్టడానికి రెండు రాత్రులు పట్టింది, మా ఆయన పైఅరలు, నేను కింద, మావయ్యగారు కుర్చీలో కూర్చుని రాశారు. బెజవాడ సార్ చెప్పినట్టే కుప్పలు పెట్టాం. పావు వంతు అనుకున్న సబ్బులు బిస్కెట్లు కౌంటర్ దగ్గర రాసి చూస్తే అయిదో వంతే వచ్చాయి, లూజు సరుకు నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ. జీఎస్టీఆర్-1 12న వేసేశాం. 3బీకి 25 దాకా టైమిచ్చారు కాబట్టి దాన్ని రేపు పెట్టుకున్నాం.

ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. 118 సంగతి చెప్తే ఆయన కుర్రాడి వైపు ఒక చూపు చూశారు, కుర్రాడు నా వైపు చూశాడు. పాత రెండేళ్లవి తీసి చూస్తానన్నారు. హోటల్ ఆయనకి నిజంగానే క్రెడిట్ అక్కర్లేదట, స్వీట్ షాపు ఆయనకి కావాలట, ఏప్రిల్ సంగతి మార్చిలో చూద్దాం అన్నారు మా ఆయన. 1వ తారీకు నుంచి బిల్లింగ్ మిషన్ పెడుతున్నాం. ఈలోగా డల్లాస్ బాబాయ్ గారి చుక్కలు అంటించాను, 18కి ఎరుపు, 5కి ఆకుపచ్చ. మావయ్యగారు తన చిట్టా పుస్తకంలో నాలుగు నిలువు గీతలు కొట్టుకుని సరుకు ఇచ్చేటప్పుడే రాస్తున్నారు, కళ్లజోడు మీద నుంచి చుక్క రంగు చూసి మరీ.

ఒక్కటే బాధ. కూల్ డ్రింకుల స్టాకుకి పాత బిల్లులో 28తో పాటు 12 శాతం సెస్ (జీఎస్టీ పైన వేసే అదనపు టాక్సు) కట్టాం. ఇప్పుడు అమ్మేటప్పుడు మొత్తం 40 జీఎస్టీ అంటున్నారు, సెస్ లేదు. 28 క్రెడిట్ వచ్చింది గానీ సెస్ కింద 1,140 విడిగా కనపడుతోంది, వాడుకోనివ్వట్లేదు. అది పోయినట్టేనా?

బెజవాడ_లెక్కలు
20 అక్టోబర్, మధ్యాహ్నం 3:25

సెస్ క్రెడిట్‌ని సెస్ కట్టడానికే వాడాలి, జీఎస్టీకి వాడనివ్వరు. కూల్ డ్రింకుల మీద సెస్ తీసేశారు కాబట్టి వాటితో తీరదు. ఈ గొడవ కార్ల షోరూముల వాళ్లకి లక్షల్లో ఉంది, మీది నయం.

సీఏ_కాదు_కానీ
20 అక్టోబర్, సాయంత్రం 4:10

ఒక దారి ఉంది. సిగరెట్లు, పాన్ మసాలాల మీద ఈ 2025 అక్టోబర్ నాటికి పాత 28 శాతం, సెస్ అలాగే ఉన్నాయి, వాటిని 22న మార్చలేదు. మీ కొట్లో సిగరెట్లు అమ్ముతుంటే ఆ సెస్ కట్టేటప్పుడు ఈ 1,140 వాడుకోవచ్చు.

కొట్టు_ఇల్లాలు
20 అక్టోబర్, సాయంత్రం 4:30

మావయ్యగారు సిగరెట్టు పెట్టె గుమ్మం దాటి లోపలికి రానివ్వరండి. 1,140 పోతే పోయిందిలే అంటున్నారు.